ఆకులకు నీలం రంగు ఎందుకు వేసింది? కథలో మనుషుల మధ్య జరిగేదాన్ని చదవడం పిల్లలకు నేర్పడం

కథ చదివాక పిల్లల్ని మనం అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది. "ఇందులో ఫలానావాడు ఎలాంటివాడు?" జవాబు కూడా ఒకటే. మంచివాడు. కాస్త పెద్ద పిల్లలైతే దయగలవాడు, ధైర్యవంతుడు, నిజాయితీపరుడు అని మూడు విశేషణాలు గడగడా అప్పజెప్పి, ఇంక కూర్చోవచ్చా అన్నట్టు చూస్తారు. పరీక్షలో "పాత్ర స్వభావం రాయండి" అంటే ఇవే రాసి మార్కులు తెచ్చుకుంటారు. నేనూ అలా రాసి పాసైనవాడినే. పాఠం చెప్పే పనిలోకి వచ్చాక చాలా ఏళ్లు అలాగే అడిగాను కూడా.

ఆ జవాబు తప్పేమీ కాదు. కానీ "మంచివాడు" అన్నాక ఇంకేం మాట్లాడాలో ఎవరికీ తోచదు. కథ పుస్తకం మూసేసి గుణాల పట్టిక తెరిచినట్టవుతుంది.

అదే పిల్లవాడి మాటలు ఇంటర్వెల్‌లో వినండి. "వాడికి నా మీద కోపం లేదురా. నిన్న వాళ్లన్న ముందు నేను వాడి మార్కులు చెప్పేశాను కదా, అందుకని సిగ్గుపడుతున్నాడు. నేనే ముందు పలకరించాలని చూస్తున్నాడు." పైకి కనిపించే కోపం వేరు, లోపలున్న సిగ్గు వేరు అని వాడికి తెలుసు. దానికి కారణమైన సంఘటన తెలుసు. ఎదుటివాడు తన నుంచి ఏం ఎదురుచూస్తున్నాడో తెలుసు. మూడో మనిషి, అంటే ఆ అన్న, అక్కడ ఉండబట్టే విషయం ముదిరిందనీ తెలుసు. పాత్రల మధ్య సంబంధాన్ని విశ్లేషించడం అని మనం పెద్ద పేరు పెట్టుకున్న పని ఇదే. పది నిమిషాల తర్వాత క్లాసులో కూర్చుని వాడే "మంచివాడు" అంటాడు. తెలివి ఎక్కడికీ పోలేదు. మన ప్రశ్నే దాన్ని బయటికి రానివ్వలేదు.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక చిన్న కథ పెట్టుకుందాం. పిల్లల కోసం నేనే రాసుకున్నది.

లత పన్నెండు రంగు పెన్సిళ్లున్న కొత్త డబ్బా తెచ్చింది. "ఒక్కరోజు ఇస్తావా?" అని సరళ అడిగింది. లత మూత తెరిచింది, మూసింది, డబ్బా చేతికిచ్చింది. "రేపు తెచ్చెయ్" అంది.

మర్నాడు సరళ తేలేదు. ఆ మర్నాడు తెచ్చింది. పెన్సిళ్లు పదకొండే ఉన్నాయి. ఆకుపచ్చది లేదు.

"ఒకటి కనపడట్లేదు... మా తమ్ముడు..." అంటూ సరళ నసిగింది.

"పర్వాలేదులే" అంది లత, డబ్బా బ్యాగులో పెట్టుకుంటూ. సరళ ముఖం తేటపడింది.

మధ్యాహ్నం డ్రాయింగ్ పీరియడ్‌లో సరళ, "నీ రబ్బరు ఒకసారి ఇవ్వవా?" అంది.

"లేదు" అంది లత. రబ్బరు ఆమె పుస్తకం కిందే ఉంది. వెనక బెంచీలో కూర్చున్న వాణికి అది కనిపిస్తోంది. వాణి ఏమీ అనలేదు. తన రబ్బరు తీసి సరళ ముందు పెట్టింది.

సాయంత్రం ఇంటికెళ్లి లత ఒక చెట్టు బొమ్మ వేసింది. ఆకులకు నీలం రంగు వేసింది.

కథ ఇంతే. "లత ఎలాంటిది?" అని అడిగితే క్లాసు రెండుగా చీలిపోతుంది. అడగ్గానే డబ్బా ఇచ్చింది కాబట్టి మంచిదని కొందరంటారు, ఉన్న రబ్బరు లేదంది కాబట్టి అబద్ధాలకోరని కొందరు. రెండు పక్షాలూ కథలోంచే ఆధారం చూపిస్తాయి. ఇద్దరూ గెలిచినట్టే ఉంటుంది, కథ మాత్రం ఎవరికీ అందదు. ఇచ్చిన చెయ్యీ లేదన్న నోరూ ఒక్కరివే. నడుమ సరళతో ఏదో జరిగింది. ఆ జరిగినదాన్ని వదిలేసి లతను ఒక్కదాన్నే నిలబెట్టి చూస్తే ఏమీ కనిపించదు.

మనిషి చేసిన పనికి కారణం అతని స్వభావంలోనే వెతికి, అప్పుడున్న పరిస్థితిని పక్కన పెట్టేయడం పెద్దవాళ్లకూ ఉన్న అలవాటే. మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో దీనికొక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పుకోవాలంటే, కారణాలు అంటగట్టడంలో మనం చేసే మౌలికమైన పొరపాటు. ఎవరైనా మనకు తిరిగి ఫోన్ చేయకపోతే "పొగరు" అంటాం. పాపం ఏ పనిలో ఉన్నాడో అన్న ఆలోచన తర్వాత వస్తుంది, వస్తే. "ఎలాంటివాడు" అన్న ప్రశ్నతో మనం ఈ పొరపాటునే పిల్లలకు పాఠంగా చెబుతున్నాం.

అందుకని నేను మొదట మార్చింది ప్రశ్నను. "సరళతో ఎలా ఉంది?" అని ఒక మాట చేర్చాను. తర్వాత ఇంకో మాట, "ఎప్పుడు?" డబ్బా ఇచ్చేటప్పుడు ఎలా ఉంది, రబ్బరు అడిగినప్పుడు ఎలా ఉంది. విశేషణాలు వాటంతటవే తగ్గిపోయి వాక్యాలు మొదలయ్యాయి. "ముందు ఇవ్వాలా వద్దా అని ఆలోచించింది" అంది ఒక అమ్మాయి. నీకెలా తెలుసు? "మూత తెరిచి మూసింది కదా సార్."

పిల్లలకు ముందే ఎంత తెలుసు

మనుషుల మధ్య ఏదో నడుస్తోందని చూడటం ఎవరూ నేర్పకుండానే వస్తుంది. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమ్మెల్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న యానిమేషన్ సినిమా ఒకటి తయారు చేశారు. అందులో మనుషులే లేరు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపున్న గది లాంటి ఒక దీర్ఘచతురస్రాకారం. ఆ మూడూ అటూ ఇటూ కదులుతుంటాయి, లోపలికి వెళ్తుంటాయి, బయటికి వస్తుంటాయి. చూసిన 34 మందిని ఏం జరిగిందో రాయమంటే, ఆకారాలు కదిలాయని మాత్రమే రాసింది ఒక్కరు. మిగతావాళ్లకు అక్కడ ప్రాణులు కనిపించాయి. ఒకరు తరుముతున్నారు, ఒకరు దాక్కుంటున్నారు, ఒకరు కాపాడుతున్నారు. గీతల మధ్యే ఇంత కథ చూసే బుర్రలు మనవి. ఇక లత, సరళల మధ్య చూడలేవా?

అయితే ఎదుటివాళ్ల మనసులో ఏముందో లెక్కగట్టడం మెట్టుమెట్టుగా వస్తుంది. మనస్తత్వవేత్తలు హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ 1983లో పిల్లలకు ఒక కథ చెప్పారు. ఒక బాబు చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమారలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది వాడికీ తెలుసనుకుంటారు. నాలుగు, ఐదేళ్లు వచ్చేసరికి చాలామంది "వాడికి తెలీదు కదా, పెట్టినచోటే చూస్తాడు" అనగలుగుతారు. ఇది మొదటి మెట్టు. వాడేమనుకుంటున్నాడు అన్నది.

రెండో మెట్టు దీనికంటే కష్టం. ఆమె ఏమనుకుంటోందని ఈమె అనుకుంటోంది? ఇదే ఇద్దరూ 1985లో దీన్నీ పరీక్షించారు. ఈ రెండంతస్తుల ఆలోచన ఆరేడేళ్ల వయసు దగ్గర నిలదొక్కుకుంటుంది. మన కథలో రబ్బరు సన్నివేశం మొత్తం ఈ మెట్టు మీదే నిలబడి ఉంది. లత దగ్గర రబ్బరుందని వాణికి తెలుసు. వాణికి తెలుసని లతకు తెలుసా? సరళ ఏమనుకుంది? ఐదేళ్ల పిల్లకు ఈ కథ చెబితే "రబ్బరు పుస్తకం కింద ఉంది!" అని అరిచి చెబుతుంది, అంతటితో సంతోషిస్తుంది. అది ఆమె తెలివితక్కువతనం కాదు. ఎనిమిదేళ్లకు అదే పిల్ల వాణి ఎందుకు నోరు మెదపలేదని అడుగుతుంది.

ఇక్కడ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1986లో చెప్పిన సంగతి ఒకటి నాకు చాలా పనికొచ్చింది. కథ ఒకేసారి రెండు తలాల మీద నడుస్తుందంటాడు. ఒకటి చేతల తలం, ఎవరు ఏం చేశారు. రెండోది మనసుల తలం, ఆ చేసేవాళ్లకు ఏం తెలుసు, ఏం తెలియదు, ఏమనుకుంటున్నారు. పిల్లల్ని కథ తిరిగి చెప్పమంటే మొదటిదే చెబుతారు. ఇచ్చింది, తెచ్చింది, పోయింది, లేదంది. రెండోది వాళ్లకు తెలియక కాదు, కథ చెప్పడమంటే మొదటిదే అనుకుంటారు.

"పర్వాలేదులే"ను ఎన్ని రకాలుగా అనొచ్చు

క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఆ ఒక్క మాటను ఐదుగురు పిల్లలతో ఐదు రకాలుగా అనిపిస్తాను. ఒకడు నిజంగానే పట్టించుకోనట్టు అంటాడు. ఒకమ్మాయి పళ్లు బిగించి అంటుంది. ఒకరు ఏడుపు ఆపుకుంటూ, ఒకరు నీతో ఇక మాట్లాడేదేముంది అన్నట్టు. మాట ఒకటే, మనుషుల మధ్య దూరం మాత్రం ప్రతిసారీ మారిపోతుంది. అప్పుడు అడుగుతాను: కథలో లత వీటిలో ఏ రకంగా అంది? సరళకు ఏ రకంగా వినిపించింది? రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు రానక్కర్లేదని తెలిసిన క్షణంలో కొందరి ముఖాలు చూడాలి. సరళ ముఖం తేటపడింది. అంటే ఆమెకు అది క్షమించినట్టే వినిపించింది. లత మాత్రం డబ్బా బ్యాగులో పెట్టుకుంటూ అంది, సరళ వైపు చూసిందని కథలో లేదు.

ఈ పనికి తెలుగు చాలా కలిసొచ్చే భాష. "పర్వాలేదు" వేరు, "పర్వాలేదులే" వేరు. ఆ చివరి "లే" ఒక్కోసారి ఓదార్పు, ఒక్కోసారి విసుగు, ఒక్కోసారి తలుపు మూసేయడం. "అట" సంగతి ఇంకా బాగుంటుంది. "వాళ్ల తమ్ముడు పారేశాడు" అని లత ఇంట్లో చెప్పిందనుకుందాం. అదే "వాళ్ల తమ్ముడు పారేశాడట" అంటే? చెప్పింది తనకెవరో చెప్పిన మాటేనని అర్థం, గొంతును బట్టి దాన్ని తను నమ్మడం లేదని కూడా. ఒక్క అక్షరంలో సరళ మీద లతకున్న నమ్మకం ఎంతో తెలిసిపోతుంది. వ్యాకరణం పీరియడ్‌లో ప్రత్యయాలు బట్టీ పెట్టిస్తాం గానీ, అవి మనుషుల మధ్య ఏం చేస్తాయో కథల పీరియడ్‌లో చూపించం.

పిలుపులూ అంతే. రోజూ "నువ్వు" అనుకునే ఇద్దరిలో ఒకరు ఉన్నట్టుండి "మీరు" అన్నారంటే అక్కడ పెరిగింది గౌరవం కాదు. "తమరు" అంటే మరీను. కథ చెప్పే రచయిత ఒకే మనిషిని ఒకచోట "వాడు" అనీ ఇంకోచోట "ఆయన" అనీ రాస్తే, ఆ మార్పు ఎవరి కళ్లతో చూసి రాసిందో అడగాలి. పిల్లలు ఇవన్నీ రోజూ వాడుతూనే ఉంటారు, పుస్తకంలో ఉన్నప్పుడు మాత్రం వాటి మీదుగా దూకేస్తారు.

ఇక "అంది" అన్న క్రియ. కథలో సరళ "నసిగింది" అని ఉంది. దాన్ని కొట్టేసి వేరే క్రియలు పెట్టమంటాను. "మా తమ్ముడు..." అంటూ బుకాయించింది. గొణిగింది. దబాయించింది. బతిమాలింది. కసిరింది. ఒక్కో క్రియకూ సరళ వేరే పిల్లగా మారిపోతుంది, ఆమె ముందు లత కూడా మారిపోతుంది. బుకాయించే సరళతో లత "పర్వాలేదులే" అని ఉండేదా? ఇరవై నిమిషాల పాటు ఎవరూ గడియారం చూడని ఆట ఇది. బుకాయించడానికీ దబాయించడానికీ తేడా ఏమిటని ఒకసారి పెద్ద గొడవే జరిగింది. దబాయించేవాడికి బలం ఉంటుంది, బుకాయించేవాడు దొరికిపోయి ఉంటాడు అని చివరికి ఒకడు తేల్చాడు. నిఘంటువు కంటే బాగా చెప్పాడనిపించింది.

మాట లేని చోట్లు కూడా చూడాలి. వాణి కథలో ఒక్క ముక్కయినా మాట్లాడదు. అయినా కథలో అన్నిటికంటే పెద్ద పని చేసింది ఆమే అని వాదించేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు ఉంటారు. తన రబ్బరు ఇచ్చి సరళకు సాయం చేసింది, సరే. లతను కూడా కాపాడిందా? లేక నీ అబద్ధం నేను చూశానని లతకు చెప్పిందా? నాకైతే రెండూ అనిపిస్తుంది, కానీ ఆ సంగతి పిల్లలకు చెప్పను.

ఎవరికేం తెలుసు, ఎవరికేం కావాలి

బోర్డు మీద ఒక పట్టిక గీస్తే పని తేలికవుతుంది. ఒక పక్క ముగ్గురి పేర్లు. పైన మూడు సంగతులు: పెన్సిల్ ఎలా పోయిందో, లతకు బాధ కలిగిందని, రబ్బరు ఎక్కడుందో. తెలిస్తే టిక్కు, తెలియకపోతే అడ్డగీత, చెప్పలేకపోతే ప్రశ్నార్థకం. అన్ని గళ్లలోనూ టిక్కులే ఉంటే కథే ఉండేది కాదని పిల్లలు తొందరగానే పట్టేస్తారు. కథను నడిపేది ఆ ఎగుడుదిగుడే. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం. పెన్సిల్ ఎలా పోయిందో లతకు తెలియదు, తమ్ముడి మాట నమ్మాలో లేదో కూడా తెలియదు. లతకు బాధ కలిగిందని సరళకు తెలియదు. "లతే చెప్పలేదు కదా, మరి సరళది తప్పేముంది?" అని ఒక పిల్లవాడు లేచాడు. అప్పటిదాకా క్లాసంతా లత పక్షమే.

తెలియడం తర్వాత కోరడం. రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నటులకు నేర్పిన పద్ధతిలో ముఖ్యమైన మెట్టు ఇదే. ఈ సన్నివేశంలో నా పాత్ర ఎదుటివాళ్ల నుంచి ఏం రాబట్టాలనుకుంటోంది? పైకి అనే మాటకూ లోపలి కోరికకూ పొంతన ఉండక్కర్లేదు. లత "లేదు" అన్నప్పుడు ఆమెకు కావలసింది రబ్బరు దాచుకోవడమా? సరళ "ఏమైంది, కోపం వచ్చిందా?" అని అడిగితే బాగుండునని ఉండొచ్చు.

అందరికీ తెలిసిన కాకి, నక్క కథను కూడా ఇలా విప్పి చూడొచ్చు. పొగడ్తలకు పొంగిపోకూడదు అని నీతి చెప్పి మనం ముగించేస్తాం. ఆ నీతి కథ మీద మూత లాంటిది. మూత తీసి అడగండి: నక్కకు కావలసింది కాకి నోరు తెరవడమే కదా, మరి తిట్టొచ్చు కదా? తిట్టినా కాకి జవాబు చెప్పడానికి నోరు తెరిచేదే. పిల్లలు దీని మీద చాలాసేపు కొట్టుకుంటారు. తిడితే కాకి ఎగిరిపోయేదని ఒకరు, పైన కూర్చున్నవాళ్లను కిందున్నవాళ్లు తిట్టలేరని ఒకరు. కాకిని ఎవరూ ఎప్పుడూ బాగా పాడతావని అనలేదు, అది నక్కకు తెలుసు అని ఇంకొకరు. మూడో జవాబు విన్నాక కాకి మీద నాకే జాలేసింది.

బలాబలాల గురించి కూడా ఒక ప్రశ్న ఉంచుకుంటే చాలు. ఇద్దరిలో "కాదు" అనగలిగేది ఎవరు? మొదట లత అనగలిగేది, అనలేదు. తర్వాత అనింది. ఆ రెండింటి మధ్య ఏం మారిందో చెబితే కథ చెప్పేసినట్టే.

తాడు ఆట

ఇది అనుకోకుండా దొరికింది. ఇద్దరు పిల్లలు చెరో కొసా పట్టుకుని ఒక తాడుతో నిలబడతారు, ఒకరు లత, ఒకరు సరళ. మూడోవాళ్లు కథను వాక్యం వాక్యం చదువుతారు. దగ్గరయ్యారనిపిస్తే తాడు వదులు చేయాలి, బిగుసుకుపోయారనిపిస్తే లాగాలి. ముందే మాట్లాడుకోకూడదు. "పర్వాలేదులే" దగ్గరికి రాగానే సరళగా ఉన్న పిల్ల ఒక అడుగు ముందుకేసింది, లతగా ఉన్న పిల్ల అదే క్షణంలో ఒక అడుగు వెనక్కి వేసింది. తాడు అంతే పొడవుగా, అంతే బిగువుగా ఉండిపోయింది. చూస్తున్నవాళ్లు నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ తేడాను నేను అరగంట ఉపన్యాసంలో చెప్పి ఉండేవాడిని, సగం మందికి అర్థమయ్యేది కాదు.

వాణి ఎక్కడ నిలబడాలి అని అడిగారు. తాడు మధ్యలో పట్టుకోవాలా, బయట ఉండాలా? నేనేమీ చెప్పలేదు. ఒకమ్మాయి వచ్చి తాడు పట్టుకోకుండా, దాని మీద వేలు మాత్రం ఆనించి నిలబడింది.

పెద్ద పిల్లలకు తాడు చిన్నతనంగా ఉంటుంది. వాళ్లకు పాత్రను తీసేసి చూసే పరీక్ష బాగా నచ్చుతుంది. వాణిని కథలోంచి కొట్టేయండి. ఏం పోయింది? సంఘటనలు అన్నీ ఉన్నాయి. అయినా ఏదో చప్పబడింది. లత అబద్ధాన్ని చూసిన కళ్లు ఇప్పుడు కథలో ఎవరివీ లేవు.

ఏ మాట చూసి అలా అన్నావ్?

ఇంత స్వేచ్ఛ ఇస్తే పిల్లలు కథను వదిలేసి ఎటో వెళ్లిపోరా అని ఒక టీచర్ నన్ను అడిగారు. వెళ్తారు. సరళ కావాలనే పెన్సిల్ దొంగిలించిందని, వాళ్ల తమ్ముడనేవాడే లేడని, లత వాళ్లు బాగా డబ్బున్నవాళ్లని కల్పించేస్తారు. దానికి ఒకే ఒక్క కళ్లెం ఉంది. ఎవరేం చెప్పినా, "ఏ మాట చూసి అలా అన్నావ్?" అని అడగడం. వేలు పెట్టి వాక్యం చూపించాలి. కొన్నాళ్లకు వాళ్లే ఒకరినొకరు అడుగుతారు, కొంచెం కర్కశంగానే.

జవాబులు మూడు కుప్పలుగా పడతాయి. కథలోనే ఉన్నవి: పెన్సిల్ పోయింది. కథ నుంచి తీసుకోదగినవి: లతకు కష్టంగా ఉంది. మనం కల్పించినవి: సరళ దొంగ. నడిమి కుప్పలోనే అసలు పని ఉంది. అక్కడ ఒకటికంటే ఎక్కువ జవాబులు సరైనవి అవుతాయి. అలాగని అన్నీ సరైనవి కావు. ఈ రెండో మాట చెప్పడానికి మనం మొహమాటపడతాం, "నీ అభిప్రాయం నీది" అని వదిలేస్తాం. అది గౌరవంలా కనిపించే నిర్లక్ష్యం అని నా ఉద్దేశం. "లత సంతోషంగా ఉంది" అని ఎవరైనా అంటే, కథలో ఏదీ దాన్ని మోయడం లేదని చెప్పాలి.

టీచర్లు చేసే తప్పుల్లో నేను ఎక్కువ చేసింది తొందరపడటం. ప్రశ్న వేసి మూడు సెకన్లు ఆగకుండా నా జవాబే చెప్పేయడం. ఇంకొకటి, "మీకు ఇలా ఎప్పుడైనా జరిగిందా?" అని నలుగురి ముందూ అడగడం. ఒకసారి అడిగాను. ఒక పిల్ల ఏదో చెప్పబోయి ఆగిపోయి, ఆ పీరియడంతా తల ఎత్తలేదు. ఎవరి గొడవో వాళ్లు సూటిగా చెప్పలేనప్పుడు లత, సరళల మీద పెట్టి చెబుతారు. ఆ చాటు తీసేయకూడదని అప్పుడు తెలిసింది.

కొందరు పిల్లలు ముఖ కవళికలనూ చాటుమాటలనూ మిగతావాళ్లలా చదవరు. సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ 1985లో చేసిన ప్రయోగంలో, మొదటి మెట్టు ప్రశ్న లాంటిదానికే ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది తడబడ్డారు. దీన్ని పట్టుకుని ఆ పిల్లలకు ఎదుటివాళ్ల మీద పట్టింపు ఉండదనుకోవడం పెద్ద పొరపాటు. అర్థం కాకపోవడం ఇరువైపులా ఉంటుందని, వాళ్ల మనసు మనకూ అంతే అర్థం కాదని పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో వాదించాడు. నిజానికి పట్టిక లాంటివి వాళ్లకు బాగా నప్పుతాయి. దాగి ఉన్నది ఎదురుగా గళ్లలోకి వస్తుంది కాబట్టి.

ఏ వయసుకు ఎంత అన్నదానికి ఒక అందాజు కావాలంటే, ఏ తరగతి పిల్లలకు ఏం రావాలో చెప్పే, అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు చూడొచ్చు. మూడో తరగతిలో పాత్రల పనుల వల్ల కథ ఎలా ముందుకెళ్తుందో చెప్పమంటాయి. ఐదుకు వచ్చేసరికి రెండు పాత్రలను, అవి ఒకదానితో ఒకటి మెలిగే తీరు చూపిస్తూ, పోల్చమంటాయి. ఎనిమిదిలో ఒక సంభాషణ లేదా సంఘటన పాత్ర లోపలిదాన్ని ఎలా బయటపెట్టింది, ఏ నిర్ణయానికి నెట్టింది అని అడుగుతాయి. వరస బాగానే ఉంది. నాకు మాత్రం మూడో తరగతి పిల్లలే ఎనిమిదో తరగతి జవాబులు చెప్పిన రోజులు చాలా ఉన్నాయి, ప్రశ్న పలకరింపులా ఉంటే.

ఇలా చదివితే పిల్లల్లో సానుభూతి పెరుగుతుందా? సాహిత్యం కొద్దిసేపు చదివినా ఎదుటివాళ్ల మనసు చదివే శక్తి మెరుగవుతుందని 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, బాగా ప్రచారమూ పొందింది. తర్వాత ఇతరులు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. కాబట్టి ఆ హామీ నేనివ్వను. కథ బాగా అర్థమవుతుంది, ఆ మాట మాత్రం చెప్పగలను.

చివరికి నేను పిల్లలతో రాయించేది వ్యాసం కాదు. ఇదే కథను సరళ వైపు నుంచి రాయమంటాను. కథలో ఉన్నదేదీ మార్చకూడదు, లేనిది చేర్చుకోవచ్చు. ఎక్కువమంది తమ్ముడిని తిట్టిస్తారు. కొందరు సరళకు కొత్త ఆకుపచ్చ పెన్సిల్ కొనిపెట్టి అందరినీ కలిపేస్తారు. మొన్న ఒక పిల్లవాడు అరపేజీయే రాశాడు. పెన్సిల్ ఆ రాత్రే సరళకు మంచం కింద దొరికింది. జామెట్రీ బాక్సులో పెట్టుకుని రోజూ బడికి తీసుకెళ్తోంది, ఇవ్వడం లేదు. కారణం ఆఖరి వాక్యంలో రాశాడు: "ఇప్పుడు ఇస్తే, అప్పుడు దాచుకుని అబద్ధం చెప్పానని లత అనుకుంటుందని సరళ అనుకుంది."